షట్టరు దగ్గర తుపాకి మనిషి

అరవైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ముత్తుకూరు అవతల పంటకాలవ మీద లస్కరుగా పనిచేశాను. వంతు ప్రకారం షట్టర్లు ఎత్తి, దించి నీళ్ళు వదలడం నా పని. అక్కడ కాలవ రెండుగా చీలుతుంది. ఒకటి ఆ ఊరి పెద్దరైతు పొలాలకు, రెండోది సముద్రం దిక్కున ఆఖరి చేలకు. ఆఖరి చేలకు ఎనిమిది రోజులకొకసారి, పొద్దుపొడుపు నుంచి మధ్యాహ్నం దాకా వంతు.

తన వంతు కానిరోజు నీళ్ళు కావాలంటే పెద్దరైతు నోరు విప్పి అడిగేవాడు కాదు. అడిగితే మాట పడాలి కదా! కర్ర ఇచ్చి ఒక మనిషిని పంపేవాడు. వాడొచ్చి షట్టరు పక్క గోడమీద కూర్చునేవాడు, అంతే. లస్కరు అర్థం చేసుకుని ఆఖరి చేల షట్టరు దించెయ్యాలి. నాకు ముందున్న లస్కరు పని అప్పగిస్తూ మొదట చెప్పింది ఇదే. "మనిషొచ్చి కూర్చుంటే మారు మాట్లాడబాక అబ్బయా. నేను మాట్లాడి మూణ్ణెల్లు మంచానబడినా." నా దగ్గర అవేం సాగవని మీసం మెలేశాను. నోటికేం, ఎన్నయినా అంటుంది!

ఆ జనవరిలో పైరు పొట్టమీదుంది, నేడో రేపో ఈనేట్టుంది. ఆఖరి చేలల్లో ఒక ముసలమ్మకు ఎకరం మొలగొలుకుల వరి. మొగుడు లేడు, పిల్లల్లేరు, ఆ ఎకరమే ఆమె ఏడాది కూడు. వంతుకు ముందురోజు నా దగ్గరికొచ్చింది.

"నాయనా, నేల నెర్రెలిచ్చింది. రేపటి తడి అందితే గింజ పడతది, లేదా గడ్డే."

"నీళ్ళొస్తాయి, పో అవ్వా" అన్నాను దర్జాగా.

తెల్లారి ఆమె వైపు షట్టరు ఎత్తాను. నీళ్ళు పట్టుమని పది బారలు పోయాయో లేదో, గట్టుమీద ఎప్పుడూ చూడని మనిషి వచ్చాడు. ఒడ్డూ పొడుగూ, ఎర్రటి కళ్ళు, భుజాన రెండు గొట్టాల తుపాకి. నన్నొక చూపు చూసి, గోడమీద కూర్చుని, తుపాకి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొట్టాలు నావైపే ఉన్నాయి. మాట లేదు, పలుకు లేదు. రైతు ఈసారి కర్ర మాని తుపాకి ఇచ్చి పంపాడనుకున్నాను. షట్టరు దించేశాను. నీళ్ళు పెద్దరైతు పొలాలకు మళ్ళాయి.

అతను కదల్లేదు, నేనూ కదల్లేదు. పొద్దు నడినెత్తికి వచ్చాక లేచి ఒళ్ళు విరుచుకుని, అరవ యాసలో అడిగాడు. "ఏమప్పా, ఇక్కడ బాతులు దిగతాయని చెప్పినారే, ఒక్కటీ రాలేదే?"

బాతుల కోసం వచ్చాడట! మద్రాసు నుంచి వేటకొచ్చాడట! పెద్దరైతు ఎవరో కూడా అతనికి తెలియదు. ఛీ, నా బతుకు! అప్పటికే వంతు దాటిపోయింది. ఇక ఎనిమిది రోజులదాకా ఆఖరి చేలకు చుక్క లేదు.

సాయంత్రం ముసలమ్మ రొప్పుతూ వచ్చింది. పిట్టల వేటగాణ్ణి చూసి జడుసుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

"తుపాకి గుండెకు పెట్టి దించమన్నాడవ్వా" అన్నాను.

ఆమె దగ్గరికొచ్చి నా తల నిమిరింది.

"పోనీలే నాయనా. పైరు పోతే మళ్ళా ఏస్తాం. నువ్వు పోతే మీ అమ్మకు ఎవురున్నారు?"

ఆ ఏడు ఆమె చేను గడ్డికే కోశారు. తర్వాత ఆమె వేరేవాళ్ళ పొలాల్లో కోతలప్పుడు రాలిన పరిగె ఏరుకుని బతికింది. నేను కనిపించినప్పుడల్లా పక్కవాళ్ళను పిలిచి, "ఈ బిడ్డే, నా నీళ్ళ కోసం తుపాకికి ఎదురు నిలబడినాడు" అని చెప్పేది. ఒక్కసారి కూడా కాదనలేదు నేను.