దూలం కింద కాశయ్య మామ

కాశయ్య మామ ఇక లేడన్న వార్త నాకు మార్కాపురంలో, స్పేర్ పార్టుల దుకాణం ముందు, చేతిలో బేరింగుతో నిలబడి ఉండగా అందింది. పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి, కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. టీ ఇవ్వడానికి వచ్చిన ఖాదర్ బాషా చూసేదాకా ఎవరికీ తెలియలేదట. ఆ ఆఖరి మాట దగ్గర నా దుఃఖం కాసేపు నిలిచిపోయి, దాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. ఒకప్పుడు ఆయన దగ్గితే బజారంతా పలికేది. అటువంటి మనిషి నిస్సహాయంగా కాదు, నిస్సహవాసంగా వెళ్లిపోయాడు.

గిద్దలూరు స్టేషను రోడ్డులో మామ ట్రాక్టర్ల షెడ్డు తెలియని రైతు ఈ చుట్టుపక్కల అరుదు. మా అమ్మకు తమ్ముడు. తెలుగు బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం రాక, గోళ్లు గిల్లుకుంటున్న నన్ను చేరదీసిన దయాళువు. సంధులు విడదీయడం నేర్చి వచ్చిన నాకు ఇంజన్లు విడదీయడం నేర్పాడు. రెండింటిలోనూ నా పాండిత్యం నేటికీ సందేహాస్పదమే.

ఆ రోజుల్లో షెడ్డులో ఇంజను పైకెత్తడమంటే ఒక ఉత్సవం. ఇంజనుకు మోకు చుట్టి, అందులో పొడవాటి ఇనుప పైపు దూర్చి, రెండు వైపులా మనుషులు భుజం పెట్టాలి. మనుషులెక్కడున్నారు? రోడ్డు మీద. మామ గుమ్మంలో నిలబడి గొంతెత్తేవాడు.

"ఓ ఖాదరూ, టీ తర్వాత కాచుకుందువులే, రాప్పా! ఓబులేసు బావా, నీ అరటిపండ్లు నడిచిపోవులే, దా! ఓ పెద్దనాయనా, ఎర్రగొండపాలెం బస్సు ఇప్పుడే రాదు, ఒక భుజం ఇచ్చి పో!"

బండి వదిలేసి వస్తూ ఓబులేసు గొణిగేవాడు. "ఇంజను కంటే నీ నోరే బరువు బావా!"

"అందుకే గదా ఇంతమందిని పిలిచింది!"

ఇంజను దించాక ఎవరూ వెంటనే పోయేవారు కారు. గోడ పక్కన పొడవాటి బల్ల ఉండేది. దాని మీద కూర్చుని టీలు తాగుతూ ఎవరి బోరు ఎండింది, ఎవరింట సంబంధం కుదిరింది, ఎవరికి ఎవరితో మాటల్లేవు, అన్నీ తేల్చేవారు. నేను పని ఆగిపోతోందని విసుక్కుంటే మామ నవ్వేవాడు. "ఇంజను ఎత్తేది నిమిషం పనిరా అల్లుడా. ఎత్తినాక కూచునేదే గదా అసలు పని."

ఆయనకు కడుపులో గిలక, అదే హెర్నియా, వచ్చి ఆపరేషన్ అయ్యాక, బరువులు ముట్టవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అత్త నా చేతులు పట్టుకుంది. "నా మాట ఇనడు నాయనా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి." దూలం వేయాలన్న దూల అంతకుముందే నాలో ఉంది. షెడ్డుకు అడ్డంగా ఇనుప దూలం ఎత్తించి, దానికి చైన్ పుల్లీ బిగించాను. పనిలో పనిగా వెనక గోడవైపు అటక కట్టించి, నేల మీద అడ్డమనిపించిన ప్రతి వస్తువునూ పైకి చేర్చాను. పైపు, మోకులు, ఆ బల్ల. నా కార్యదక్షతకు నేనే ముగ్ధుణ్ని.

మొదటి ఇంజను గొలుసు మీద తేలిపోయి పైకి వెళ్తుంటే మామ నోరెళ్లబెట్టి చూశాడు. "ఏందిరా ఇది, అరుపూ లేదు, కేకా లేదు. దొంగతనంగా ఎత్తినట్టుంది." నేను దాన్ని ప్రశంసగా స్వీకరించాను. వ్యంగ్యార్థం పట్టుకోవడం చదువుకున్నవాణ్నే మరి.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి షెడ్డులో కోలాహలం. ఎవరో అటక మీది పైపును దించారు. నా నూతన దూలం కిందనే ఓబులేసు, ఖాదర్, మరి ఇద్దరు గేర్ బాక్సును భుజాల మీద మోస్తున్నారు. మామ పక్కన నిలబడి అజమాయిషీ చేస్తున్నాడు. ఎన్నాళ్లకో ఆ ముఖంలో కళ.

"గొలుసు పట్టేసినాదిరా" అన్నాడు నన్ను చూసి.

నేను వెళ్లి గొలుసు లాగాను. నూనె పెట్టిన కొత్త గొలుసు, గలగలా దిగింది. "ఎక్కడ పట్టేసింది మామా? ఊరికే వీళ్లనెందుకు ఇబ్బంది పెడతావు?" అన్నాను, అందరి ముందూ.

ఓబులేసు పెద్దగా నవ్వాడు. "ఇంగ మా భుజాలకు పెన్షనేనా బావా?" మామ కూడా నవ్వాడు. ఆ నవ్వు కళ్లదాకా వెళ్లలేదని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు నేను గొలుసును చూస్తున్నాను. ఆ తర్వాత ఆయన గుమ్మంలో నిలబడి ఎవరినీ పిలవలేదు.

దినాలు ముగిశాక అందరూ షెడ్డుకు పలకరింపుకు వచ్చారు. ఓబులేసు తలెత్తి దూలాన్ని చూస్తూ అన్నాడు. "యంత్రం వచ్చినాది, ఇంగ మనతో పనేముంది అనుకున్న్యాం."

"పని లేకపోతే రాగూడదా అని ఒక్కరమన్నా అనుకోలేదు సూడు" అన్నాడు ఖాదర్.

అత్త మాత్రం నన్ను చూపిస్తూ వాళ్లతో అంది. "వాణ్ని ఏమీ అనొద్దండప్పా. దూలం ఏపిచ్చింది నేను. ఆయన కడుపులో కుట్లు తెగకుండ కాపాడింది ఆ దూలమే." ఆమె నన్ను నిర్దోషిగా విడుదల చేసింది. బయటికి రావడమే నాకు ఇంకా చేతకావడం లేదు.

నిన్న హనుమంతునిపాడు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. ఇంజను దించాలి. గొలుసు మీదికి చేయి పోలేదు. గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా అరటిపండ్ల బండి ఉంది, టీ హోటలు ఉంది, బస్సు కోసం నిలబడిన రైతులున్నారు. కానీ ఎవరిని ఏమని పిలవాలి? ఇన్నేళ్లూ నేను అందరినీ "ఏమండీ" అని సరిపెట్టుకున్నవాణ్ని. ఆ వరసలన్నీ మామవి. చివరికి ధైర్యం చేసి "అన్నా!" అని అరిచాను. ముగ్గురు నలుగురు తలలు తిప్పి నన్ను చూశారు. తర్వాత, నేనెవరిని పిలుస్తున్నానో చూడడానికి తమ వెనక్కి చూసుకున్నారు.

లోపలికి వచ్చి గొలుసే లాగాను. మామా, రెండు చేతులు జోడించి నీకు మొక్కడం నాకు వచ్చు. నలుగురిని ఒకచోట జోడించే విద్య మాత్రం నీతోనే వెళ్లిపోయింది. అది ఉన్నన్నాళ్లూ పని పాడవుతోందని విసుక్కున్నది నేనే.