సత్యం తువ్వాలు కింద తెగిన బేరం

మే నెల రెండో ఆదివారం. నూజివీడు.

నిన్న మా తమ్ముడు సత్యం పోయాడు. ఈ గురువారం నా మనవరాలు హారికకు ఆపరేషన్. దాన్ని వాయిదా వేయమని నిన్న వాడి శవం పక్కనే మాట మొదలైంది. అందరికీ ఒకేసారి జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నిన్న తెల్లవారగానే మరదలు పద్మ ఫోన్ చేసింది. "వదినగారూ, ఆయన లేవట్లేదండీ."

"కేకేసి లేపు. మార్కెట్ టైమ్ అయింది" అన్నాను.

అవతల ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

నిద్రలోనే గుండె ఆగిందట.

వచ్చినవాళ్లలో చాలామంది "పాపం, కడుపు జబ్బుతో ఎంత బాధపడ్డాడో" అన్నారు. తప్పు. ఆ బాధ ఆపరేషన్‌తోనే పోయింది. సైన్స్ టీచర్‌గా రిటైరైనదాన్ని, దిద్దకుండా ఉండలేను.

సత్యానికి వచ్చింది అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలంతా పుండ్లు పడే జబ్బు. రక్తం, నొప్పి, పరుగు. హనుమాన్ జంక్షన్ దాకా ఏ పెట్రోల్ బంకులో బాత్రూమ్‌కి తాళం వేసి ఉంటుందో వాడికి తెలుసు.

వాడు మామిడి వ్యాపారి. పాత వ్యాపారులు ఇప్పటికీ చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. బేరం తెగేదాకా చెయ్యి వదలకూడదు. వదిలితే లోడు వద్దన్నట్టే.

మా సత్యం మధ్యలో వదిలేసి పరిగెత్తేవాడు.

మంచి మంచి బంగినపల్లి లోడ్లు అలా చేజారాయి. "సత్యంతో బేరమా? ముందు బకెట్‌తో నీళ్లు పెట్టండ్రా" అని ఒక పెద్దమనిషి అందరినీ నవ్వించేవాడు.

మందులు పనిచేయలేదు. పెద్దపేగు తీసేయాలన్నారు. ఆ తర్వాత రెండు దారులు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి, జీవితాంతం బ్యాగ్ పెట్టుకోవడం ఒకటి. ఆ చిన్నపేగుతోనే లోపల ఒక సంచి కుట్టి కింద కలపడం రెండోది. దాన్ని పౌచ్ అంటారు. బయటికి ఏమీ కనపడదు, మామూలుగానే వెళ్లొచ్చు. కానీ రోజుకు చాలాసార్లు వెళ్లాలి, రాత్రి కూడా లేవాల్సి రావచ్చు.

వాడు సర్జన్‌ను ఒక్కటే అడిగాడు. "డాక్టర్ గారూ, ఏది పెడితే బేరం తెగేదాకా చెయ్యి వదలకుండా నిలబడగలనండీ?"

"బ్యాగ్ అయితే ధైర్యంగా చెప్పగలను. పౌచ్‌తో కూడా చాలామంది బాగానే ఉంటారు. కానీ మీకు మాట ఇవ్వలేను."

"అయితే బ్యాగే పెట్టేయండి సార్."

మరుసటి వేసవి మార్కెట్లో, బకెట్ జోకు వేసిన ఆ పెద్దమనిషి చెయ్యే పట్టుకున్నాడు సత్యం. వదల్లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి ఆయనే, "ఒరే సత్యం, వదలరా బాబూ, నాకే అర్జంటు!" అన్నాడు.

లోడు మావాడిదే.

ఆ వేసవిలోనే ఒక తెలివితక్కువ పని కూడా చేశాడు. చిన్న రసాలు పీచుతో సహా జుర్రేశాడు. పీచు అడ్డుపడింది, బ్యాగ్‌లోకి ఏమీ రాలేదు. ఆసుపత్రిలో ఏం తిన్నారంటే, "సీజన్ కదండీ" అన్నాడు. అప్పట్నుంచి పద్మ రసం గుడ్డలో వడగట్టి ఇచ్చేది.

ఇక హారిక. నా కూతురి కూతురు, ఇంజినీరింగ్ చదువుతోంది. అదే జబ్బు. తనను అడిగే రాస్తున్నాను.

హారికకు పౌచ్ అన్నారు. అది మానేదాకా కొన్నాళ్లు బ్యాగ్, తర్వాత ఇంకో ఆపరేషన్‌లో బ్యాగ్ తీసేసి, పొట్ట మీది దారి మూయడం. పిల్ల ససేమిరా అంది.

సత్యం వచ్చి మంచం మీద కూర్చుని చొక్కా ఎత్తాడు. "నన్ను పనసకాయ కోసినట్టు కోశారే. నీకు ల్యాప్రోస్కోపీ అట. మామిడికాయకి ముచ్చిక ఊడినంత కూడా కనపడదు."

అది నవ్వలేదు. "తర్వాత రోజుకు ఎన్నిసార్లు తాతయ్యా? నాకు అందరిలా ఉండాలి."

సర్జన్ మాకు దాచకుండానే చెప్పారు. మొదట్లో చాలాసార్లు. నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, ఐదారుకు రావచ్చు. పరుగు పోతుంది, ఆపుకోగలదు.

సత్యం భుజం మీది తువ్వాలు తీసి దాని చేతి మీద కప్పాడు. "రా, బేరమాడు."

తువ్వాలు కింద వేళ్లు కదిలాయి.

"అంత తక్కువకా? మునిగిపోతానే తల్లీ!"

"మీరు మరీ ఎక్కువ చెప్తున్నారు తాతయ్యా."

"రాత్రిది వేరే."

"కుదరదు. అన్నీ కలిపే."

చాలాసేపటికి "తెగింది" అన్నాడు. ఎంతకని అడిగాను. "మూడో మనిషికి చెప్పరక్కా" అన్నాడు.

హారిక ఆ వారమే ఆపరేషన్‌కు ఒప్పుకుంది. మొదటిది అయిపోయింది, పౌచ్ చక్కగా మానింది. ఈ గురువారం బ్యాగ్ తీసేస్తారు.

నిన్న అది ఏడుస్తూ, "పెద్దకర్మ అయ్యాక చేయించుకుంటా అమ్మమ్మా. తాతయ్య వస్తానన్నారు" అంది. వెనక నుంచి నలుగురు మైల అన్నారు. మైల నాకు మూడు రోజులు. దానికి లేదు. ఇప్పుడు వెనక్కి తగ్గితే దాని భయం మళ్లీ మొదటికొస్తుంది.

"ఎంతకు తెగింది?" అని అడిగాను.

ఏడుస్తూనే చెయ్యి ఎత్తింది. ఐదు వేళ్లు.

"రాత్రిది కలిపేనా?"

"కలిపే."

మా సత్యం దగ్గర ఆ రేటు ఇంతవరకు ఎవరూ కొట్టలేదు.

తువ్వాలు కింద తెగిన బేరాన్ని, మనిషి పోయినా ఆ ఇంటివాళ్లు నిలబెడతారు. ఇక్కడి పద్ధతి అది. వాడి తరఫున నేనున్నాను. కాబట్టి:

1. ఆపరేషన్ గురువారమే. దీని మీద కామెంట్లు వద్దు.

2. తువ్వాలు పద్మ ఇస్తానంది. హారిక చేతి మీద కప్పి, థియేటర్ తలుపు దాకా నేను పట్టుకుని వెళ్తాను.

3. హారికా, మొదటి నెలల్లో లెక్క ఐదు దాటుతుంది. అది ఓటమి కాదు, బేరం ఇంకా నడుస్తున్నట్టు. డాక్టర్ గారు సరేనన్నాకే రసాలు, అదీ వడగట్టి.

4. పెద్దకర్మ భోజనంలో బంగినపల్లి ముక్కలు ఉండాలి. "పాపం" అనే మాట మాత్రం వినపడకూడదు. వాడు గెలిచి వెళ్లాడు.

5. సత్యం, ఇక చెయ్యి వదలొచ్చు నాయనా. నేను పట్టుకున్నాను. హాయిగా నిద్రపో.