పన్ను కోసం చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, మా పాప ఒళ్లు పెనంలా కాలుతుంటే నేను సంతోషించాను! ప్రజ్ఞాపూర్‌లో ఉండే మా తోడల్లుడి కొడుకు, మా పాప ఒకే వారంలో పుట్టారు, ఒకే ఆదివారం మందిరంలో ఇద్దరినీ దేవునికి ప్రతిష్ఠించాం, కానీ వాడికి అప్పుడే రెండు పళ్లు వచ్చేశాయి, మా అత్తమ్మ కనిపించినవాళ్లందరికీ వాడి నోరు తెరిచి చూపిస్తుంటే నా కడుపు మండిపోయేది.

అందుకే పాపకు జ్వరం రాగానే పళ్లొస్తున్నాయని తేల్చేశాను. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి కదా, లక్షణాలు సరిచూశాను: చిగుళ్లు ఉబ్బాయి, చొంగ కారుతోంది, దొరికిందల్లా కొరుకుతోంది. చెవి గుంజుకోవడం ఒక్కటే వీటితో కుదరలేదు. దాన్ని వదిలేశాను.

"గిది పండ్ల జరం కాదు, పాలు గూడ తాగుతలేదు, దవాఖానకు పోదాం పా," అని నా భార్య ఏడ్చింది.

"పండ్లే. రేపటికల్లా కనిపిస్తది, సూడు."

"నీకు బిడ్డ కావాల్నా, పన్ను కావాల్నా?"

కోపంగా లోపలికి వెళ్లి మోకరించాను. "ప్రభువా, వాళ్ల బాబుకిచ్చినట్టే మా పాపకు కూడా..." అని మొదలుపెట్టాను. ఆ బాబు ఊసు లేకుండా నా బిడ్డ కోసం ఒక్క ప్రార్థన కూడా చేయలేదని దేవుడు నాకు చూపించాడు! "తండ్రీ, పన్ను వద్దు, నా బిడ్డనియ్యి" అని ఏడ్చాను.

లేచి బయటికొస్తే గుమ్మంలో మా తోడల్లుడే ఉన్నాడు, నా భార్య అంతకుముందే ఫోన్ చేసి పిలిపించిందట. "నడువు తమ్మీ, కారు గేటుకాడనే ఉంది," అన్నాడు. ఈయన కారే ఎక్కాలా అని అప్పుడు కూడా లోపల కుట్టింది, అయినా పాపను ఎత్తుకొని ఎక్కాను. చెవిలో చీము పట్టిందని, పళ్ల వల్ల ఇంత జ్వరం రాదని డాక్టరు చెప్పి మందులిచ్చారు. జ్వరం దిగింది, పాప మళ్లీ పాలు తాగింది. దేవునికే మహిమ!

పన్ను తర్వాత వచ్చింది. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయనే పాపకు జావ తినిపిస్తుంటే స్పూను టక్కుమంది. "తమ్మీ, నీ బిడ్డకు పన్నొచ్చింది!" అని అరిచాడు. నాకంటే ముందు ఆయనకే తెలిసింది, మండలేదంటే అబద్ధం. కానీ ఈసారి దగ్గరికి వెళ్లాను. "అన్నా, స్పూను ఇటియ్యి, ఆ సప్పుడు నేను గూడ ఇంట," అన్నాను.

పక్కింటి పిల్లలతో పోలుస్తూ ప్రార్థిస్తున్న తల్లిదండ్రులారా, ఈ రోజు మీ బిడ్డ పేరు ఒక్కటే పలికి ప్రభువును అడగండి, ఆయన వింటాడు! ఆమెన్.