ఉయ్యాల చీర మీద పడే బరువు

డిగ్రీ రెండో ఏడాదిలో ఫిజిక్స్ మేడమ్ లోలకం లెక్కను రెండు పద్ధతుల్లో చేసి చూపించారు. మొదటిది బలాలతో: గుండు బరువు ఎంత, తాడు ఎంత గట్టిగా లాగుతోంది. రెండోది శక్తితో: గుండు ఎంత ఎత్తుకు పోయింది, ఎంత వేగంతో దిగింది. ఎలా చేసినా ఊపుకు పట్టే కాలం ఒకటే వచ్చింది. రెండో పద్ధతిలో తాడు లాగుడు ఊసే రాదు. ఒక పేజీ తగ్గిందని అప్పుడు సంతోషించాను.

ఇప్పుడు మా పాపకు తొమ్మిదో నెల. నరసరావుపేటలో మా అత్తగారింట్లో పాపకు ఉయ్యాల కట్టింది అత్తయ్య పాత నేత చీరతో. ఎంత అరిగితే అంత మెత్తన అని ఇక్కడ ఏరి మరీ పాత చీరే కడతారు. వంట మధ్యలో లేచొచ్చి దాని ముడి తడిమేదాన్ని.

"ఏందమ్మా, గంటకోసారి పోలీసు సోదా?" అంది అత్తయ్య.

"చీర పలచబడింది అత్తయ్యా. తెగిద్దేమో."

"నా నలుగురు బిడ్డలూ ఇట్టాంటి దాంట్లోనే పెరిగారు. చూడు, ఎంత హాయిగా ఊగుతుందో!"

నిజమే, హాయిగానే ఊగుతోంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, చీర సంగతి లేదంతే. ఊపు కిందికి వచ్చిన ప్రతిసారీ చీర మీద పాప బరువుకు మించి పడుతుంది. నాకు కావలసింది ఆ మొదటి లెక్క, తాడు మీద ఎంత పడుతుందో చెప్పేది.

ఒక మధ్యాహ్నం అత్తయ్యకు విసుగొచ్చింది. "అంత అనుమానమైతే బియ్యం మూట ఏసి ఊపవే!"

పాపను ఆమె చేతికిచ్చి, సగం ఉన్న బియ్యం బస్తాను ఉయ్యాల్లో వేసి ఊపాను. మూడో ఊపు కిందికి రాగానే చీర ముడి దగ్గర జానెడు చిరిగింది.

అత్తయ్య పాపను భుజానికెత్తుకుని వచ్చి చిరుగు చూసింది. తర్వాత, "బస్తాకు చిరిగింది. బిడ్డకు చిరగలేదుగా," అంది.

నా కొత్త నేత చీర తెచ్చి కట్టాను. పాప అందులో పడుకోనంటే పడుకోనని గుక్కపట్టి ఏడ్చింది.

"గంజి చీర ఒరుసుకుంటుందే దానికి. చానా చదివావు గానీ..." అంటూ అత్తయ్య తన చీర చిరిగిన కొసను కత్తిరించి, మిగిలింది మడతలు వేసి లోపల పరిచింది. రెండు నిమిషాల్లో పాప నిద్రపోయింది. అత్తయ్య కూడా నడుం వాల్చింది.

ముడి చూశాను, గట్టిగానే ఉంది. దాని పైన కప్పులో ఉన్న ఇనప కొక్కేన్ని ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా చూడలేదని అప్పుడు తట్టింది. స్టూలు తెచ్చుకున్నాను.