టీచరమ్మ అడిగిన కారు

మా సైన్సు టీచరమ్మ పోయింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి మంచినీళ్లు అడిగిందట. అవి తెచ్చేలోపే కుర్చీలో ఒరిగిపోయిందని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. ముందురోజే, శనివారం, ప్రొద్దుటూరులో నేను పనిచేసే కార్ల షోరూముకు వచ్చి పోయింది.

జమ్మలమడుగు మిషన్ బడిలో ఆమె మాకు సైన్సు చెప్పింది. ఒకసారి ఏదో పత్రికలోంచి కత్తిరించిన కారు బొమ్మను బోర్డుకు అంటించింది. రెక్కల మాదిరి పైకి లేచే తలుపులు, లోపల స్టీరింగే లేదు. అది అమ్మడానికి చేసిన కారు కాదు, రేపటి కార్లు ఇట్లుంటాయని చూపించడానికి చేసింది. మేమంతా పకపకా నవ్వాము.

"నవ్వొద్దండ్రా. తాళంచెవి పెట్టకుండా తెరుచుకునే డోరు, ఎనక చూపిచ్చే కెమెరా, అన్నీ ముందు ఇట్లాంటి బొమ్మకార్లలోనే వచ్చినాయి. ఈ పొద్దు బొమ్మలో ఉండేది రేపు మన వాకిట్లోకి వస్తాది" అనింది.

నేను నమ్మాను. ఆ బొమ్మ పిచ్చితోనే కార్ల లైన్లోకి వచ్చాను.

మా వీధిలో కారు తోలిన మొదటి ఆడమనిషి ఆమే. వాళ్లాయనది పులివెందుల, సమాధి కూడా అక్కడే. ఆయన పోయాక చిన్న తెల్లకారులో ముద్దనూరు, తొండూరు మీదుగా ఒక్కతే పోయి, పొద్దంతా సమాధి దగ్గర కూర్చొని వచ్చేది. మరుసటి రోజు బళ్లో మళ్లీ మామూలే, మమ్మల్ని తిట్టేది, నవ్వించేది. ఆ తర్వాత నీటికాసులొచ్చి కండ్లు పోయాయి.

కారు మాత్రం అమ్మనివ్వలేదు. పొద్దున్నే డ్రైవరు సీట్లో కూర్చొని రేడియో పెట్టుకునేది. ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకు తెలుసు. పక్కింటివాణ్ని కాబట్టి పులివెందులకు నేనే తీసుకుపోయేవాణ్ని. అక్కడ సరిగ్గా కూర్చోనైనా కూర్చోకుండానే "పోదాం పదప్పా, నీకు డ్యూటీ ఉంది" అని లేచేది. ఎంతసేపైనా ఉండండి మేడం అన్నానొకసారి.

"పక్కన ఒగరు కాసుకోనుంటే ఏడ్సేదానికి గూడా టైము అడిగినట్టుంటాదప్పా. నేనొక్కదాన్నే రావల్ల" అనింది.

ఆమె అడిగిన కారు అదీ. కండ్లు లేకున్నా కూర్చుంటే తీసుకుపోయేది, అక్కడ తొందరపెట్టకుండా నిలబడేది. అంతకు మించి ఏమీ అడగలేదు.

కొత్త మోడల్ వచ్చిందని తెలిస్తే చాలు, ప్రొద్దుటూరు బస్సెక్కేది. కండక్టరు చెయ్యి పట్టుకొని షోరూం గేటు కాడ దించి పోయేవాడు. రాగానే ఒకటే మాట, "వచ్చిందా?" కార్ల పండగల్లో పెద్ద కంపెనీలు చూపించే వీడియోలు ఫోన్లో పెట్టి ఏముందో చెప్పేవాణ్ని. ఇంకో ఐదేండ్లలో రోడ్డెక్కుతుందంట మేడం అంటే, "పోయినసారి గూడా ఐదేండ్లే అంటిరి గదప్పా" అని నవ్వేది. రాను రాను ఆ నవ్వు తగ్గిపోయింది.

శనివారం నాకు మంచి ఉత్సాహంగా ఉండింది. దారిలో గీతలు చూసుకొని తనంతట తానే నడిచే డెమో కారు వచ్చింది, ఎదురుగా ఏమన్నా వస్తే బ్రేకు కూడా తానే వేసుకుంటుంది. మేడాన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

"ముద్దనూరు రోడ్డులో గీతలు యాడుండాయప్పా? శనగలు ఆరబోసింటారు. దానికి ఏం కనపడతాది?"

చేతులు అప్పటికే ముందుకు చాపింది. ఈ కారులో బటన్లు లేవు. ఆ చివర నుంచి ఈ చివర దాకా నున్నటి అద్దమే.

"రేడియో యాడుంది?"

"స్క్రీన్లో ఉంది మేడం. ముట్టుకుంటే వస్తుంది."

"యాడ ముట్టుకోవల్ల?"

ఆమె వేళ్లు అద్దమంతా తిరిగాయి, దేనికీ తగలకుండా.

"బొమ్మకారులోంచి మన వాకిట్లోకి దిగొచ్చింది ఇదా అప్పా! రావల్సింది రాలేదు. నా చేతికి తెలిసిన బటన్లు గూడా పీక్కపోయినారు" అనింది. కోపంగా కూడా కాదు. బస్సెక్కించేటప్పుడు, "ఇంగ వచ్చిందా అని అడగన్లే" అనింది.

సోమవారం పులివెందులలో వాళ్లాయన పక్కనే పూడ్చాము. ఇంక ఎంతసేపైనా ఆయన దగ్గరే ఉంటుందిలే అని చెల్లెలు కండ్లు తుడుచుకుంది. నాకు ఆ మాటతో ఊరట కలగలేదు. ఆమె పోవాలనుకున్నది బతికుండి. అన్నేండ్లు వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అని రంగు లైట్లు, నున్నటి అద్దాలు మాత్రం పంపిన లోకం మీద కడుపు మండింది. ఆ లోకంలో జీతం తీసుకునేవాణ్ని నేనూ ఒకణ్ని.

మంగళవారం షోరూముకు పోయాను. డెమో కారు శనివారం పెట్టిన చోటే ఉంది. చూడ్డానికి ఎవరో వచ్చారు, తుడిచి పెట్టమని మేనేజరు చెప్పాడు. గుడ్డ తీసుకొని డోరు తెరిచాను. పొద్దుటెండ ఏటవాలుగా ఆ అద్దం మీద పడుతోంది. దాని మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా, పైనా కిందా, రేడియో కోసం వెతికిన వేళ్ల గుర్తులు.