ఎండలో పెట్టిన ఇంగువ డబ్బా

ఈ చలి పొద్దున అటక దులుపుతుంటే నాన్న పోయాక మూతపడ్డ దుకాణంలోని పాత ఇంగువ డబ్బా దొరికింది. మూత తీసి డబ్బాలో ముక్కు పెట్టాను. వాసన జాడే లేదు. మనసు చివుక్కుమంది. ఊరికే ఉండలేక డబ్బాను ఎండలో పిట్టగోడ మీద పెట్టి ఇది రాస్తున్నాను.

బీదర్ బడిలో నాతో చదివినవాళ్లారా, గుర్తుందా? మైసూరు రాష్ట్రం కర్ణాటకగా మారిన కొత్త. ఎండాకాలంలో దుకాణం ఇంగువ అంటిన అంగీతో నేను తరగతిలో అడుగుపెడితే చాలు, "ఇంగువ సేటు వస్తుండు!" అని ముక్కులు మూసుకునేవారు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది. అప్పుడే ఒక సైన్సు కరపత్రం చదివి ఉన్నానేమో, బెంచీ ఎక్కాను.

"గడ్డకట్టిన నెయ్యిల కణాలు ఉన్నకాడనే వణుకుతయి. కరిగితే ఒకదాని పక్కకెల్లి ఒకటి జారుతయి. ఇంగువ వాసన లెక్క గాలిల కలిస్తే దిక్కుదిక్కుకు ఉరుకుతయి. ఎండ ముదిరితే ఇంక జోరు! చలికాలం గూడ గీ అంగీనే ఏసుకున్న. అప్పుడెందుకు మూసుకోలేదుర ముక్కులు?"

మీరు చప్పట్లు కొట్టారు. కానీ నా పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఆ కోపమంతా ఇంటికి మోసుకెళ్లాను. "ఈ దందా బంద్ చెయ్యి, నాయినా! నా దగ్గర ఎవ్వడు కూసుంటలేడు."

కణాల కథంతా విని నాన్న నవ్వాడు. "చలికాలం నువ్వు మస్తు నిమ్మళంగుంటవు. ఎండలొస్తే ఎగురుతవు. నీ లోపట గూడ గవే ఉన్నయేమో, బిడ్డా!" అంటూ ఇంగువ అంటిన చేత్తోనే నా తల నిమిరి, పక్కన కూర్చున్నాడు.

ఇంతవరకు రాశానో లేదో, గాలిలో ఘాటు తగిలింది. డబ్బా వేడెక్కినట్టుంది. నేను లేచి వెళ్లలేదు. నాన్నే వచ్చి పక్కన కూర్చున్నాడు.