తీగ తెంపిన బెల్

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. ముప్పై ఏళ్లుగా ముంబైలో కరెంటు పని చేస్తున్నాను. "ఇంట్లో ఏదో ఉంది, లైట్లు వాటంతటవే ఆరి వెలుగుతున్నాయి" అని నన్ను పిలిచినవాళ్లు చాలామంది. వెళ్లి చూస్తే ప్రతిచోటా ఒక వదులు స్క్రూ, లేదంటే ఎలుక కొరికిన తీగ. వర్లిలో ఒకామె ఇనుప బీరువా తనను కొడుతోందని దానికి నిమ్మకాయలు కట్టి, మంత్రగాణ్ని కూడా పిలిపించింది. బీరువా వెనక తొడుగు ఊడిన తీగ తగులుతోంది, అంతే. టేపు ముక్క చుట్టి దయ్యాన్ని వదిలించాను. నిమ్మకాయలు మాత్రం ఆమె తీయనివ్వలేదు.

అలాంటివాణ్ని ఇప్పుడు ఇది రాయాల్సి రావడం నాకే నచ్చడం లేదు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను. మా చాల్‌లో ఒక మనిషి నా మూలంగా చనిపోవాల్సింది, బతికింది. ఆ చావుకు దారి వేసింది నా సంతకమే.

కామాటిపురలో, ఫాక్‌లాండ్ రోడ్ వైపు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో మాది మూడంతస్తుల పాత చాల్, అంటే వరండా పొడవునా గదికో కుటుంబం ఉండే ఇల్లు. తాత కట్టుబడి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న కరెంటు పని నేర్చుకుని నాకూ నేర్పాడు. పై అంతస్తు వరండాలో చివరి నుంచి రెండో గది నాది. నా భార్య పోయి ఐదేళ్లు. కూతురు పెళ్లయి పుణెలో ఉంటుంది. ఆదివారం ఫోన్ చేస్తుంది. మనవరాలు మరాఠీలో ఏదో అంటుంది, నేను హిందీలో జవాబిస్తాను, రెండు నిమిషాల్లో మాటలు అయిపోతాయి. చాల్‌లో ఇప్పటి పిల్లలూ అంతే. తెలుగు అర్థమవుతుంది గానీ నోటి నుంచి రాదు.

చివరి గది రాజవ్వది. మహబూబ్‌నగర్ వైపు నుంచి మొగుడితో వచ్చి, ఈ ఊళ్లో ఎన్ని మేడలకు ఇటుకలు మోసిందో ఆమెకే లెక్క లేదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మోకాళ్లు పట్టేశాక మంచం దిగడమే గగనమైంది. మా వరండాలోనే ఉండే లత రోజూ ఇంత అన్నం తెచ్చి పెట్టేది. నేను రాజవ్వ మంచం పక్కన ఒక బటన్ పెట్టి, గోడ మీదుగా తీగ లాగి, నా గదిలో బెల్ బిగించాను. ఏదైనా కావాలంటే నొక్కమన్నాను.

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనని తర్వాత తెలిసింది. రోజుకు పదిసార్లు నొక్కేది. పరుగెత్తుకెళితే "టైమెంతయిందిరా నర్సింగూ?" అనేది. గడియారం ఆమె ఎదురుగానే ఉండేది. ఇంకోసారి "ఇయ్యాల ఏం కూర వండినవ్?" అని. చెప్పి వచ్చేద్దామంటే "గట్ల నిలబడ్తవేంది, కూసో జర" అనేది. వేళ్లలో పట్టు లేక బటన్ మీద వేలు పెడితే తొందరగా తీసేది కాదు. అందుకే ఒకటే పొడుగు మోత. వంద బెల్లులు మోగుతున్నా ఇది రాజవ్వదని చెప్పగలను.

విసుక్కుంటూనే వెళ్లేవాణ్ని. కూర్చున్నాక లేవబుద్ధి అయ్యేది కాదు. నన్ను తెలుగులో తిట్టేవాళ్లు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు ఎర్తింగ్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంట్లో ఏ మిషన్‌లోనైనా తీగ పాడై దాని ఇనుప ఒంటికి కరెంటు వస్తే, ఆ కరెంటు భూమిలోకి పోవడానికి వేరే దారి ఉండాలి. దారి ఉంటే ఒక్కసారిగా అటు పరుగెడుతుంది, మెయిన్ ట్రిప్ అయి కరెంటు ఆగిపోతుంది, మనిషి బతుకుతాడు. దారి లేకపోతే ఆ ఇనుములోనే కూర్చుని ఎవరు ముట్టుకుంటారా అని చూస్తుంది. రూలు ప్రకారం బిల్డింగు పక్కన గుంత తవ్వి, గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పోసి, మీటరుతో కొలిచి చూడాలి.

నాన్న కాలంలో పాత చాల్‌లకు ఇదంతా ఎవరు చేశారు? నల్లా పైపు ఇనుముది, భూమిలోంచే వస్తుంది. దానికే ఒక పట్టీ బిగించి ఎర్తు తీగలన్నీ కట్టేసేవారు. మా చాల్‌లో మెట్ల కింద, మీటర్ల పక్కన ఉన్న పట్టీ నాన్న స్వయంగా బిగించినది. ప్రతి దసరాకు మీటర్ బోర్డుకూ, నా పటకారుకూ, ఆ పట్టీకీ పసుపు కుంకుమ పెడతాను. అది మా ఇంటి ఆనవాయితీ.

ఈ సంగతి జరగడానికి ముందు ఏడాది చాల్ మొత్తానికి కొత్త వైరింగ్ వేయించారు. పని నాదే, లైసెన్సు నాది. కరెంటు కంపెనీకి ఇచ్చే టెస్టు రిపోర్టులో ఎర్తింగ్ గడి దగ్గర చెయ్యి ఆగింది. గుంత తవ్వాలి, కొలత రాయాలి. నాన్న కట్టిన ఎర్తింగ్‌కు కొలతేమిటి అనుకున్నాను. సరిగ్గా ఉందని రాసి సంతకం పెట్టాను.

దానికి రెండు నెలల ముందే ప్లంబరు వచ్చి, కింద తుప్పు పట్టిన పైపు కోసేసి తెల్లటి ప్లాస్టిక్ పైపు వేసిపోయాడు. నాన్న పట్టీకి జానెడు కిందే. ప్లాస్టిక్‌లో కరెంటు పోదని చిన్న పిల్లలకు కూడా తెలుసు. అంటే పైన మూడంతస్తుల ఇనుప పైపుకూ, నల్లాలన్నిటికీ, ఇంటింటి మిషన్లకూ భూమితో సంబంధం తెగిపోయింది. ఆ దసరాకు నేను వంగి పట్టీకి బొట్టు పెడుతుంటే ఆ కొత్త పైపు నా మోకాలికి తగులుతూనే ఉంది. బొట్టు పెట్టాను గానీ మీటరు పెట్టలేదు.

ఆ చలికాలంలో రాజవ్వ పోయింది. ఆ రోజు సంగతి చివర్లో చెబుతాను, ముందే చెప్పే ధైర్యం లేదు. దూరపు చుట్టాలెవరో వచ్చి కార్యం చేసి, గదికి తాళం వేసి వెళ్లారు. కంపెనీవాళ్లు ఆ గది మీటరు తీసుకుపోయారు. నేను బటన్ ఊడదీశాను. నా గదిలో బెల్‌కు వచ్చే తీగలు రెండూ విప్పి, తెంపి, చివర్లకు టేపు చుట్టాను. వాడకంలో లేని తీగ ఉంచకూడదన్నది కూడా రూలే. బెల్ ఒక్కటీ గోడ మీద ఉండిపోయింది. దాన్ని తీయబుద్ధి కాలేదు.

ఆ తర్వాత మూడేసి రోజులు ఒక్క తెలుగు మాట కూడా నా నోటి నుంచి రాని సందర్భాలున్నాయి. అది నాకు చాలా కష్టంగా ఉండేది. ఒంటరితనానికి అలవాటు పడతామంటారు, నేనైతే పడలేదు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు లత నా గుమ్మం దగ్గర ఆగి, "కాకా, నిన్నటి నుంచి నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంది. జర చూస్తరా?" అని అడిగింది. తడి చేతులు, వానాకాలం, అలాగే ఉంటుందని కొట్టిపారేశాను. ఎర్తింగ్ బాగానే ఉందని రాసినవాణ్ని నేనే కదా.

మర్నాడు సాయంత్రం నాలుగు కావస్తోంది. మా దగ్గర నీళ్లు వచ్చే వేళ. నేను ఆలస్యంగా అన్నం తింటున్నాను. బెల్ మోగింది.

అదే పొడుగు మోత. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తల ఎత్తి చూశాను. గోడ మీద బెల్, దానికి ఒక్క తీగ కూడా లేదు. అది కళ్లతో చూస్తుండగానే రెండోసారి మోగింది.

భయపడ్డానా అంటే, ఆ క్షణంలో లేదు. ఏడెనిమిది నెలలుగా అలవాటు తప్పినా కాళ్లు వాటంతటవే లేచాయి. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని చెప్పులు తొడుక్కుని "వస్తున్ననవ్వా" అంటూ బయటికి వచ్చాను. చివరి గదికి తాళం అలాగే ఉంది. తలుపు ముందు నిలబడ్డాను. ఆ తలుపు పక్కనే మా అంతస్తు నల్లా. బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. నేల అంతా తడి. లత ఒట్టి కాళ్లతో బిందె చంకన పెట్టుకుని వస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే నల్లా అందుతుంది.

నిన్న ఆమె అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎంగిలి చేతిని వెనక్కి పెట్టి, ఎడమ చేతి వెనకవైపుతో పైపును తాకాను. అనుమానం ఉన్న ఇనుమును మా పనివాళ్లం అలాగే ముట్టుకుంటాం. వేళ్లు ముడుచుకున్నా పట్టుకుపోకుండా ఉంటాయి. కాళ్లకు రబ్బరు చెప్పులున్నా భుజం దాకా చెయ్యి విదిలించేలా షాక్ కొట్టింది.

"లతా, ముట్టకు!" అని అరిచాను. ఎలా అరిచానో గానీ ఆమె చంకలో బిందె జారి మెట్ల దాకా దొర్లింది. జేబులోని టెస్టర్ పైపుకు ఆనించాను. దీపంలా వెలిగింది. మూడంతస్తులూ కేకలు వేస్తూ దిగి, మెయిన్ ఆపేశాను. ఆ తర్వాత మెట్ల కింద కూలబడితే నా ముఖానికి ఎదురుగా నాన్న పట్టీ, దాని కింద తెల్ల పైపు. అప్పుడు అర్థమైంది.

రెండో అంతస్తువాళ్లు రెండ్రోజుల కింద బట్టలుతికే పాత మిషన్ తెచ్చుకున్నారు. దాని లోపలి తీగ పాడైపోయి ఉంది. అది తిరిగినంతసేపూ ఎర్తు తీగ గుండా చాల్‌లో ప్రతి నల్లాలో కరెంటే. ఆ తడి నేల మీద లత చెయ్యి వేసి ఉంటే మెయిన్ ట్రిప్ అయ్యేది కాదు. ఆమె అక్కడే ఉండిపోయేది.

ఆ వారం చాల్‌వాళ్లందరినీ కింద పిలిచి, కొలవకుండానే సంతకం పెట్టానని ఒప్పుకున్నాను. లత అత్త ముఖం మీదే అడిగింది. "నీకు తెల్వకపాయె అంటే వేరు. తెలిసినోనివి, సదువుకున్నోనివి, గిట్ల జేస్తవా?"  తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కంపెనీకి కూడా తప్పుడు రిపోర్టు ఇచ్చానని కాగితం రాసి ఇచ్చాను. నా లైసెన్సు కొన్నాళ్లు పక్కన పెట్టారు, న్యాయమే. ఇంకొక లైసెన్సుదారు వచ్చి పని చేయిస్తే నేను కూలివాడిగా చాల్ వెనక గుంత తవ్వాను. గదిగదికీ ఎర్తు తీగ వేశాం. కొంచెం కరెంటు లీకైనా ఆగిపోయే స్విచ్ ప్రతి బోర్డులో పెట్టాం. అందరి ముందూ మీటరు పెట్టి కొలిచాం.

బెల్ సంగతి మాత్రం నాలోనే ఉంచుకుని పరీక్షించాను. గోడ మీంచి దించి విప్పి చూశాను. లోపల సెల్ పెట్టే చోటు కూడా లేదు, అది కరెంటుతో మోగే రకం. తెంపిన తీగల చివర్ల టేపు చెక్కుచెదరలేదు. పక్క తీగల వల్ల కొంచెం కరెంటు ఎగబాకిందనుకుందామంటే, ఎగబాకడానికి బెల్‌కు తీగే లేదు. ఫోన్ మోతను బెల్ అనుకున్నానేమో అంటే, నా ఫోన్ ఆ రోజు ఆఫ్‌లో ఉంది. లతను అడిగాను, ఏమైనా విన్నావా అని. "బెల్ ఇనలే కాకా. మీరు ఎవరితోనో వస్తున్న అనుకుంట బయటికొచ్చిండ్రు, గంతే" అంది.

ఇంట్లో ఒంటరిగా ఉండి ఉండి నా చెవులే మోసం చేసి ఉంటాయని ఎవరైనా అంటే కాదనను. కానీ సరిగ్గా అప్పుడే ఎందుకు?

ఇక ఆ చలికాలం రోజు. ఆ పొద్దున రాజవ్వ అప్పటికే మూడుసార్లు పిలిచింది. ఒకసారి టైమెంత, ఒకసారి కిటికీ తెరువు, ఒకసారి ఏమీ లేదు, ఊరికే. నాకు జ్వరంగా ఉంది. నాలుగోసారి పిలిస్తే లేవలేనని బెల్ స్విచ్ ఆఫ్ చేసి పడుకున్నాను. మధ్యాహ్నం లేచి వెళ్లేసరికి ఆమె లేదు. బటన్ మంచం పక్కన, ఆమె చేతి దగ్గరే ఉంది. ఆఖరున నొక్కిందో లేదో నాకు తెలియదు. తెలిసే దారి మూసేసింది నేనే. సంతకం తప్పని అందరి ముందూ ఒప్పుకున్నవాణ్ని, ఇది ఎవరికీ చెప్పలేదు.

అంత చేసినవాణ్ని ఆమె మళ్లీ ఎందుకు పిలిచింది? లత పెట్టిన అన్నం గుర్తుండి పిలిచిందా? లేక ఎప్పటిలాగే టైమెంతయిందని అడగడానికా? అసలు పిలిచిందా? ముప్పై ఏళ్ల పనిలో నేర్చుకున్నదేదీ దీనికి పనికిరాలేదు.

బెల్‌ను మళ్లీ గోడకే బిగించాను, తీగ లేకుండానే. ఆ రోజు తర్వాత అది మోగలేదు. మధ్యాహ్నాలు పని లేక గదిలో ఉన్నప్పుడు, ఎంత ఉక్కగా ఉన్నా సరే, ఫ్యాన్ ఆపేసి కూర్చుంటాను. ఆ చప్పుడులో వినపడదేమోనని.